మా గోదావరిలో నీళ్ళుండవు

పిల్లల ప్రాజెక్టు వర్కు పెద్దవాళ్ళు చెయ్యడం కొత్త సంగతేమీ కాదు. పోయినేడు మా అమ్మాయి సౌర కుటుంబం చెయ్యాల్సి వస్తే థర్మాకోల్ ఉండలు చెక్కింది మా ఆవిడ, శనిగ్రహానికి గాజు తొడిగిన ఘనత నాది. మార్కులు మాత్రం అమ్మాయికే వచ్చాయి. ఇప్పుడు పనిముట్లు మారాయంతే. చార్టు, స్కెచ్ పెన్నులు, ఫెవికాల్ పోయి కాన్వా అనే డిజైన్ యాపు, వీడియో ఎడిటరు, చెప్పింది గీసిపెట్టే ఏఐ వచ్చాయి. రాత్రి తొమ్మిదింటికి స్టేషనరీ షాపువాడు షట్టరు దించేలోపు గాజువాక పరిగెత్తే బాధ తప్పింది. అందుకు మాత్రం ఆస్ట్రేలియా వాళ్ళకి దండం పెట్టాలి. కాన్వా మొదలైంది అక్కడే, 2013లో. పెట్టినవాళ్ళలో ఒకరైన మెలనీ పెర్కిన్స్ అంతకుముందు పెర్త్‌లో విద్యార్థులకి డిజైన్ సాఫ్ట్‌వేర్లు నేర్పేది. ఆ తర్వాత బడుల ఇయర్‌బుక్కులు తయారుచేసుకునే సైటు నడిపింది. అంటే బడిపిల్లల అవస్థలోంచి పుట్టిన సరుకే.

మన రాష్ట్రంలోనూ 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు పంచారు. కాబట్టి ఇది ప్రైవేటు స్కూళ్ళ సోకు అనడానికి లేదు. అందరి ఇళ్ళలోనూ ఇదే భాగోతం.

ఈసారి మా అమ్మాయికిచ్చిన పని ‘మన ఊరి పరిశ్రమ’ మీద రెండు నిమిషాల వీడియో. మేముండేది కూర్మన్నపాలెం. పరిశ్రమ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, అది మా గుమ్మం ముందే ఉంది. పైగా విశాఖ ఉక్కులో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరైన మా నాన్నగారు హాల్లో మంచం మీదే ఉంటారు. ఆయన్ని అడగాలని పిల్లకి తట్టలేదు. తాతయ్యకి డౌన్‌లోడ్ బటన్ లేదు కదా! ఫోను తీసి, బొమ్మలు గీసే యంత్రాన్ని అడిగింది.

మన ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులు మూడు. వాటి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. అమ్మాయి ఆ మూడు పేర్లూ కొట్టింది. యంత్రం రెండు నదుల్నీ, చేతిలో గరిటెతో ఓ అమ్మవారినీ ఇచ్చింది. గోదావరిలో పడవ కూడా వేసింది, దాని శ్రద్ధకి మెచ్చుకోవాలి. తర్వాత ‘కోక్ ఓవెన్ బ్యాటరీ’ అని కొట్టింది. బొగ్గుని కోక్‌గా కాల్చే బట్టీల వరస అది. యంత్రం ఓ కూల్‌డ్రింకు సీసా, ఓ మైక్రోవేవు, రెండు పెన్సిల్ సెల్లులు గీసి, వెనకాల మంచుకొండలు పెట్టింది. సముద్రపు ఒడ్డున కట్టిన మన ఉక్కు కర్మాగారం ఒక్క రాత్రిలో కాశ్మీరు చేరిపోయింది. పైన బోర్డు మీద ‘విశాఖ ఉక్కు’ అని రాయమంటే అక్షరాలన్నీ జిలేబీలు చుట్టింది.

నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. “ఎవత్తెవే ఈవిడ? మా షిఫ్టులో ఎప్పుడూ చూళ్ళేదు” అన్నారు, అమ్మవారిని చూపించి.

అక్కణ్ణించి వీడియో ఆయన చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళూ ఫర్నేసు ఎలా పనిచేస్తుందో మాకు చెప్పాలంటే ఆయనకి స్టీలు గ్లాసూ, చెంచా, కాసిని మరమరాలే గతి. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇప్పుడు మనవరాలు తెరమీద ఫర్నేసుని నిలువునా కోసిన బొమ్మ ఒకటి గీసి బాణాలు పెట్టడం మొదలెట్టింది. “పైనించి ఖనిజం, కోక్, సున్నపురాయి పడాలమ్మా. ఖనిజం మనకి బైలదిల్లా నించి రైల్లో వస్తుంది. వేడిగాలి బాణం కిందకి దించు, ట్యుయర్లనే గొట్టాల్లోంచి కదా కొట్టేది. కరిగిన ఇనుము అడుక్కి, చిట్టెం దాని మీద తేలాలి. తేలించవే, ముంచేస్తావేంటి!” అని ఆయన చెప్పడం, అది వేలితో జరపడం. చివరికి అడుగున బెజ్జం తెరుచుకుని ఎర్రగా ఇనుము కాలవలో పారింది. ఎన్నాళ్ళబట్టో గ్లాసుతో చెప్పలేనిది అరనిమిషంలో కదిలింది. ఇక్కడ మాత్రం ఈ పనిముట్లకి నేను నూటికి నూరు వేస్తాను. చార్టు మీద ఇనుము పారదు.

పేచీ చరిత్ర దగ్గర వచ్చింది. అమ్మాయి ఎంచుకున్న టెంప్లేటులో గళ్ళు మూడే. 1966: విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు ఉద్యమం. 1971 జనవరి 20: ఇందిరాగాంధీ శంకుస్థాపన. 1992 ఆగస్టు 1: పీవీ నరసింహారావు జాతికి అంకితం. పిల్ల దృష్టిలో పని అయిపోయింది. ఆ ఉద్యమంలో ప్రాణాలిచ్చినవాళ్ళకి ఒక గడి కావాలని నాన్నగారు పట్టుబట్టారు. శంకుస్థాపనకీ అంకితానికీ మధ్య ఇరవై ఒక్కేళ్ళున్నాయి కదా, ఆ మధ్యలో వేగిన జనాన్ని ఎక్కడ పెడతావని కూడా అడిగారు. గడి పెంచితే డిజైను చెడిపోతుందంది అమ్మాయి. ఢిల్లీ వాళ్ళు కూడా అప్పట్లో ఇంచుమించు ఇలాంటి మాటే చెప్పారన్నారాయన.

అంతలో వంటింట్లోంచి మా అమ్మ వచ్చింది. ప్లాంటుకి భూములిచ్చిన పల్లెల్లో ఆవిడ పుట్టిన ఊరొకటి. తెరకేసి చూసి, “ఓలమ్మా, మరి మా ఊరు ఏ గడిలో ఎట్టినావే?” అంది.

ఎవరి దగ్గరా జవాబు లేదు. టెంప్లేటు దగ్గర అసలే లేదు. అమ్మాయి ఫోను పట్టుకెళ్ళి మామ్మ ముందు పెట్టి రికార్డు నొక్కింది. ముందు తల దువ్వుకోనీ అంది మా అమ్మ. తర్వాత చెరువు, జీడితోట, ఊరు ఖాళీ చేసినప్పుడు బండిమీద ఎక్కించిన రుబ్బురోలు, అన్నీ చెప్పింది. కింద అక్షరాలు వాటంతటవే పడే ఏర్పాటు ఒకటుందట. ఆవిడ “సెరువు గట్టు కాడ” అంటే అది ‘సర్వర్ గుట్టు కేడీ’ అని వేసింది. ఉత్తరాంధ్ర యాస దానికింకా అలవాటు కాలేదు. 2025 అక్టోబరులో గూగుల్ మన విశాఖలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ కేంద్రం పెడతామని ప్రకటించింది. సర్వర్లు మన చెరువు గట్టుకే వస్తున్నాయన్నమాట, యాస నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు.

ఇరవైకి పదిహేడు వచ్చాయి. ‘కంటెంట్ బాగుంది. ట్రాన్సిషన్లు మెరుగుపరుచుకోవాలి’ అని రాశారు. ఓ సీను నించి ఇంకో సీనుకి మారేటప్పుడు పువ్వులు రాలాలట. మార్కులు వెయ్యడంలో టీచర్లకి నాదొక్కటే మనవి: రాలే పువ్వులకి ఓ మార్కు తగ్గించి, ఇంట్లో ముసలివాళ్ళని ఒక్క ప్రశ్నయినా అడిగిన పిల్లకి ఆ మార్కు కలపండి. అప్పుడు మా ఇళ్ళలో హోంవర్కు మేం కాకుండా మా నాన్నలు చేస్తారు. వాళ్ళకి తీరికెక్కువ.

వచ్చే నెల అంశం పోర్టట. ఔటర్ హార్బర్‌కీ ఇన్నర్ హార్బర్‌కీ తేడా చెప్పేవాళ్ళు మా ఇంట్లో లేరు. 1933 అక్టోబరు 7న మన రేవులోకి వచ్చిన మొదటి ఓడ పేరు ‘జలదుర్గ’. ఆ పేరు యంత్రానికిస్తే ఏం గీస్తుందో నాకిప్పుడే కనిపిస్తోంది, సింహంతో సహా. ఇది చదివేవాళ్ళలో పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దలెవరైనా ఉంటే దయచేసి ఓ ఆదివారం కూర్మన్నపాలెం రండి. ఫోను ఛార్జింగు పెట్టి ఉంచుతాం, కాఫీ మాది.