మోకాలికో రక్షరేకు

నల్లటి సాగే గుడ్డగొట్టం ఒకటి మోకాలికి ఎక్కనిదే ఈమధ్య ఫుట్‌బాల్ ఆట మొదలవడం లేదు. గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫుల మీద ఆదివారాలు ఆడే ఉద్యోగులకూ, సమ్మర్ క్యాంపులో చేరిన పదేళ్ల పిల్లలకూ అదే అలంకారం. గాయాలను నివారిస్తుందని అట్ట మీద అచ్చేశారు కనుక, ఇక లిగమెంట్లకు తెగే ధైర్యం ఉండదని లోకం తీర్మానించుకుంది.

మోకాలి పట్టీలు ముఖ్యంగా మూడు రకాలు. ఆపరేషన్ తర్వాత డాక్టరు రాసిచ్చేది ఒకటి. దానితో పేచీ లేదు. పక్కన లోహపు మడత కీలుతో, బయటి నుంచి పడే దెబ్బను కాచుకోవడానికి చేసినది రెండోది. మూడోది బజారులో దొరికే నీ క్యాప్. ఊరేగుతున్నది ఇదే.

ఫుట్‌బాల్‌లో అందరికీ దడ పుట్టించే గాయం ఏసీఎల్ తెగడం. కీలు లోపల తొడ ఎముకనూ మోకాలి కింది పెద్ద ఎముకనూ పట్టి ఉంచే ఈ లిగమెంటు ఆరోగ్యంగా ఉన్న యువకుల్లో సుమారు 2,000 న్యూటన్ల లాగుడుకు, అంటే దాదాపు 200 కిలోల బరువుకు గానీ తెగదు. అంతటి దాన్ని తెంపే బలాన్ని, రెండు వేళ్లతో లాగితే సాగిపోయే గుడ్డ చర్మం పైనుంచే ఆపేస్తుందట!

పైగా ఈ గాయాల్లో ఎక్కువ భాగం ఎవరూ తగలకుండానే అవుతాయి. పరుగెత్తుతూ ఒక్కసారిగా ఆగినప్పుడు, చటుక్కున దిశ మార్చినప్పుడు, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు మోకాలు లోపలికి ఒరుగుతుంది. పాదం నేలకు తగిలిన సెకనులో ఇరవయ్యో వంతు లోపే పని అయిపోతుంది. ఆ వ్యవధిలో గుడ్డగారు మేలుకుని, పరిస్థితి సమీక్షించి, కీలును నిలబెడతారని భక్తుల విశ్వాసం.

వెచ్చగా ఉంటుంది, నిజమే. దుప్పటీ వెచ్చగానే ఉంటుంది. బిగుతు వల్ల కీలు మీద స్పృహ పెరుగుతుందన్నది మరో వాదన. ఆ స్పృహ మైదానంలో ఎన్ని లిగమెంట్లను కాపాడిందో అట్ట మీద మాత్రం రాయరు. రాగి దారాలు నేసిన రకమైతే ధర ఇంకాస్త ఎక్కువ. మెడలో కట్టే రాగిరేకుకు మంత్రం చదివే మనిషైనా ఉంటాడు. దీనికి ఆ ఖర్చూ లేదు.

లోహపు కీలు పట్టీ చరిత్ర వేరు. అది మన ఫుట్‌బాల్‌ది కూడా కాదు, మీదపడి పడగొట్టుకునే అమెరికన్ ఫుట్‌బాల్‌ది. 1980లలో అక్కడి కాలేజీ జట్లు దాన్ని మోజుగా తొడుక్కున్నాయి. 1984, 1985 సీజన్లను లెక్కగట్టి 1987లో వెలువడిన అధ్యయనంలో పట్టీ వేసుకున్నవాళ్లకే గాయాలు ఎక్కువని తేలింది. 1990లో ప్రచురితమైన వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ అధ్యయనంలో, 1,396 మంది కేడెట్లలో, పట్టీ వేసుకున్నవాళ్లకు గాయాలు తగ్గాయి. అయితే ఆ మేలు డిఫెన్స్ ఆటగాళ్లకే దక్కింది, గాయాల తీవ్రత తగ్గలేదు. అమ్మేవాళ్లకు గుర్తుండేది ఈ రెండోదే, అందులోనూ మొదటి సగమే. లోహపు కీలు సంపాదించిన ఆ కాస్త పేరును గుడ్డగొట్టానికి తగిలించడం వ్యాపారం.

నివారణ ఎలాగో తెలియక ఈ తంతు సాగుతుంటే సరిపెట్టుకోవచ్చు. కానీ అది ఎప్పుడో తెలిసిపోయింది. స్వీడన్‌లో 12 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లలు 4,564 మందితో జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి రెండుసార్లు 15 నిమిషాల వ్యాయామంతో ఏసీఎల్ గాయాలు 64 శాతం తగ్గాయి. ఒంటికాలి మీద నిలకడ, తొడలకూ నడుముకూ బలం, ఎగిరి సరిగ్గా దిగడం, అంతే. ఫిఫా 11+ పేరుతో ఇలాంటి వార్మప్ ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. ఏసీఎల్ ముప్పు ఆడపిల్లలకు మగపిల్లల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువని తెలిసీ, క్యాంపులవాళ్లు వేలల్లో ఫీజు గుంజి, వార్మప్ పేరిట మైదానం చుట్టూ రెండు చుట్లు తిప్పి, పట్టీ కొనుక్కు రమ్మనడం పచ్చి మోసం. లిగమెంటు తెగితే ఆపరేషన్, నెలల తరబడి ఫిజియోథెరపీ, అయినా మళ్లీ ఆడగలరన్న హామీ లేదు. ఆ బిల్లు పట్టీ అమ్మినవాడు కట్టడు.

ఫుట్‌బాల్ నిబంధనల్లో నాలుగోది షిన్‌గార్డును తప్పనిసరి చేసింది. మెత్తని మోకాలి పట్టీకి ఇచ్చింది అనుమతి ఒక్కటే, అదీ ప్రమాదకరం కానంతవరకు. వేసుకున్నవాడికి ఉపయోగపడాలన్న షరతు అందులో లేదు.

పాత గాయం ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన పట్టీ వాడాలి. పిల్లలను ఆటకు పంపే తల్లిదండ్రులు మాత్రం డబ్బు కట్టేముందు కోచ్‌ను ఒక్క మాట అడగాలి: వార్మప్‌లో ఏం చేయిస్తారు? జవాబుగా పట్టీ చూపిస్తే వేరే క్యాంపు వెతుక్కోవడం మంచిది.