ఏడాదిగా కదలని బండి

తెనాలి నుంచి ఆ తెల్ల అంబాసిడర్‌ని తాడు కట్టి విజయవాడ ఆటోనగర్ దాకా లాక్కొచ్చారు. కొన్నాయన ముందే చెప్పేశాడు: "సెల్ఫ్ తిరుగుతుంది మేస్త్రీ, ఇంజనే అందుకోదు. ఏడాదిగా షెడ్డు దాటలేదట. తుక్కు ధరకి ఇచ్చేశారు."

పెట్రోలు బండి, 1489 సీసీ. 2014లో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయినప్పట్నుంచీ అంబాసిడర్లు కొనేవాళ్లు రెండే రకాలు: ఇనుముకి కొనేవాళ్లు, ముచ్చటపడి కొనేవాళ్లు. ఈయన రెండో రకం. అందుకే ఆటోనగర్ చేరకముందే, ఎవరో చెప్పారని కొత్త ప్లగ్గులు, కండెన్సర్, చివరికి కాయిల్ కూడా మార్పించాడు. కదిలింది డబ్బే, బండి కాదు.

మేస్త్రికి ఈ వైద్యం గిట్టదు. పాత బండి ఇగ్నిషన్‌లో కంప్యూటర్లుండవు, దాపరికాలుండవు. బ్యాటరీలోని 12 వోల్టులు తాళం మీదుగా కాయిల్‌కి వస్తాయి. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు విడివడిన క్షణాన అవే వేల వోల్టులై, రోటర్ చూపిన దారిన 1-3-4-2 వరసలో ప్లగ్గులకి వెళతాయి. ఎక్కడ ఆగిందో వెతకాలి గానీ సామాన్లు మార్చుకుంటూ పోతే బాగుపడేది స్పేర్ పార్టుల కొట్టువాడే.

కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే లావు వైరు ఊడదీసి, ఇంజన్ బ్లాకుకి కాస్త ఎడంగా పట్టుకుని సెల్ఫ్ కొట్టించాడు. నిప్పురవ్వ లేదు. క్యాప్ విప్పాడు. పాయింట్ల మధ్య సందు ఇంచుమించు 0.4 మిల్లీమీటర్లు, ఉండాల్సినంతే ఉంది. ఎమరీ కాగితం కోసం చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకున్నాడు. ఏడాది మూలపడితే పాయింట్ల మీద పొర కట్టాలి. ఇవి తళతళలాడుతున్నాయి.

"పాయింట్లు మార్చారా?"

"లేదు."

"బ్యాటరీ?"

"పాతదే. దాంతోనే వచ్చింది."

ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. నిలవ పెట్రోలుకి వార్నిష్ కంపు కొడుతుంది. ఇది మొన్నో అటుమొన్నో బంకులో పోయించినట్టుంది. తీసేసిన ప్లగ్గులు డిక్కీలో కవరులో దొరికాయి. చివర్లు బిస్కెట్ రంగు. మసి లేదు, తడి లేదు. చక్కగా మండుతున్న ఇంజన్‌లోంచి తీసిన ప్లగ్గులు అలా ఉంటాయి.

"ఏడాది అన్నదెవరు?"

"వాళ్లబ్బాయి. బెంగళూరు నుంచి వచ్చి బేరమంతా ఆయనే మాట్లాడాడు. తండ్రి రిటైర్డ్ హెడ్మాస్టారు. పక్కనే కూర్చున్నారు గానీ నోరు విప్పలేదు. కొడుకు రాసిన రసీదు మాత్రం చేతిలోకి తీసుకుని, రెండు చోట్ల ఒత్తులు దిద్ది ఇచ్చారు."

మేస్త్రి టెస్టు బల్బు తీశాడు. ఒక కొస బాడీకి, రెండోది కాయిల్‌కి వచ్చే తెల్ల వైరుకి. తాళం తిప్పించినా బల్బు వెలగలేదు. అంటే రోగం కాయిల్‌లో లేదు, కాయిల్ దాకా కరెంటే రావట్లేదు. వైరుని తడుముకుంటూ వెళ్లి, వెల్లకిలా పడుకుని డాష్‌బోర్డు కిందికి తల దూర్చాడు. తెల్ల వైరుని మధ్యలో తెంపారు. కొత్త ఎర్ర వైరు అతికారు. దాని చివర, స్టీరింగ్ వెనకాల చీకట్లో, గోరంత స్విచ్.

నొక్కాడు. సగం సెల్ఫ్‌కే ఇంజన్ అందుకుంది.

"దొంగ స్విచ్చండీ," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "మామూలుగా దొంగల కోసం పెడతారు. ఇది ఇంట్లోవాళ్ల కోసం పెట్టినట్టుంది."

కొన్నాయనకి అర్థమైంది. మాస్టారి కళ్లద్దాల మందం గుర్తొచ్చింది. చూపు ఆనని తండ్రిని బండి నడపొద్దంటే వినడు. బండే చచ్చిపోయిందంటే వింటాడు. కొడుకుది తప్పని కూడా అనలేం. కానీ తిరిగే బండిని తుక్కు ధరకి తెచ్చుకున్నానన్న ముల్లు ఒకటి ఈయనకి మిగిలిపోయింది.

ఫారం 29, 30 మీద సంతకాల కోసం మళ్లీ తెనాలి వెళ్లాడు. కొడుకు బెంగళూరు వెళ్లిపోయాడు. మాస్టారే తలుపు తీశారు.

"బండి బాగైందా బాబూ?"

"ఆఁ, ఏదో చిన్న వైరు ఊడిందట మాస్టారూ."

ఆయన కాగితాలని కళ్లకి దగ్గరగా పెట్టుకుని, ప్రతి గడీ చదివి సంతకాలు చేశారు. పెన్ను మూత పెట్టి అడిగారు:

"స్విచ్ తీయించేశారా, ఉంచారా?"

కొన్నాయనకి మాట రాలేదు.

"ఉంచుకోండి. దొంగల భయముండదు. వాడు పెట్టించి వెళ్లిన మర్నాడే నా చేతికి తగిలింది. తెల్లారుజామున రోడ్డు మీద ఎవరూ ఉండరు కదా, కాలవగట్టు దాకా వెళ్లొచ్చేవాణ్ణి."

"మరి అమ్మనని చెప్పాల్సింది కదండీ!"

"కదలని బండి నాకెందుకో చెప్పాలిగా." కాగితాలు చేతికిచ్చారు. "వాడి చిన్నప్పట్నుంచీ ఏ పని చేసినా తప్పు పట్టకుండా వదల్లేదు బాబూ. ఇది కూడా సరిగ్గా చెయ్యలేదురా అని ఏ నోటితో చెప్పను?"