వజ్రానికి చీటీ, బుడతడికి చీవాట్లు

సూరత్‌లో నమ్మకానికి కొదవ లేదు. మహీధర్‌పురా హీరా బజారులో స్కూటర్ సీటు మీదే పొట్లం విప్పి లక్షల వజ్రాలు చూపిస్తారు. నచ్చితే ఉంచుకో, లేకపోతే తిరిగియ్యి అని జాంగడ్ చీటీ ఒకటి రాసి పంపేస్తారు. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లోనైతే చీర అమ్ముడై, ఎవరో కట్టి, రంగు వెలిశాక గానీ నేతగాడికి డబ్బు ముట్టదు. ఇంత అరువు మీద నడిచే ఊళ్లో అరువు పుట్టని ప్రాణి ఒక్కటే: అడాజన్‌లో మూడో తరగతి చదివే పిల్లాడు.

తాపీ నదికి ఇవతలి ఒడ్డు అడాజన్. హజీరా ఫ్యాక్టరీల ఇంజినీర్లు, బ్యాంకు ఉద్యోగులు, మార్కెట్ వ్యాపారులు, వాళ్ల మధ్య మన తెలుగువాళ్లూ కొందరు. సందుకో చిన్న ప్రైవేటు బడి. పెద్ద బడులకు యాప్ ఉంటుంది, గడువు దాటగానే జరిమానా అదే వేసుకుంటుంది. చిన్న బడికి ఉన్న వసూలు యంత్రాంగమల్లా రెండే: వాట్సాప్ గ్రూపు, పిల్లాడు.

పదో తారీఖున గ్రూపులో 'సవినయంగా గుర్తు చేస్తున్నాం' అని వస్తుంది, చివర రెండు చేతులు జోడించిన బొమ్మతో. పదిహేనున చేతులు పోతాయి. ఇరవైన సవినయం పోతుంది. ఇరవై రెండున ప్రార్థన అయ్యాక టీచరు పేర్లు చదువుతుంది. కాగితం మీద సంతకం పెట్టింది నాన్న, బాకీ పడ్డది నాన్న, ఫోన్ ఎత్తనిది నాన్న. లేచి నిలబడేది మాత్రం మూడో తరగతివాడు.

2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఎనిమిదో తరగతి దాకా బడి నుంచి గెంటెయ్యకూడదనీ అంది. బడివాళ్లకు చట్టమంటే మహా గౌరవం. గెంటెయ్యలేదండీ, వరండాలో గాలి బాగుంటుందని కూచోబెట్టాం. వేధించలేదండీ, పేరు పిలిచాం, రోజూ హాజరుకు పిలవమూ?

2017లో గుజరాత్ ఫీజుల నియంత్రణ చట్టం కూడా చేసింది. ప్రాథమిక తరగతులకు ఏడాదికి 15,000 రూపాయలు దాటాలంటే లెక్కలు పట్టుకుని కమిటీ ముందుకు వెళ్లాలి. మా సందులో బడి ఫీజు ఆ గీత దాటదు. దాటేవన్నీ ఫీజు కావట: యాక్టివిటీ, స్మార్ట్ క్లాస్, వార్షికోత్సవం, అక్కడే కొనాల్సిన నోటు పుస్తకాలు.

బడిని ఒక్కదాన్నే తిడితే తండ్రులు చప్పట్లు కొడతారు. వాళ్లకు ఆ ఆనందం ఇవ్వడం నాకిష్టం లేదు.

నిజంగా లేనివాడు వేరు. అవతలి ఒడ్డున కతార్‌గామ్‌లో, వరాఛాలో వజ్రాల పని పోయినవాళ్ల పిల్లలకు ఏడాదికి 13,500 దాకా ఫీజు సాయం చేస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. నేనంటున్నది ఉండీ కట్టనివాణ్ణి. చండీ పడ్వో పండక్కి ఘారీ మిఠాయి కిలోల లెక్కన కొంటాడు, కౌంటర్లో నగదు. మిఠాయి కొట్టువాడితో 'వచ్చే వారం' అనే ధైర్యం లేదు. ఆ మాట బడి కోసం దాచుకున్నాడు: "వచ్చే వారం తప్పకుండా, బెన్ (అక్కా)!" ఆ వారం ఏ పంచాంగంలోనూ దొరకదు. వ్యాపారంలోనూ ఇదే తీరు: చిన్న పరిశ్రమల బాకీ 45 రోజుల్లో తీర్చకపోతే ఆ ఏడు పన్ను లెక్కలో ఖర్చుగా చూపలేరన్న నిబంధన వచ్చి పడ్డప్పుడు, 2024 మొదట్లో, రింగ్ రోడ్డంతా గగ్గోలు. నలభై ఐదు రోజుల్లో బాకీ తీర్చడమా, లోకంలో న్యాయం లేదా అని. అలాంటివాడి కొడుకూ, పని పోయినవాడి కొడుకూ ఒకే బళ్లో ఉంటే, ఇరవై రెండో తారీఖున ఒకే వరసలో నిలబడతారు.

పేర్లు చదివిన టీచరు సంగతి ఎవరికీ పట్టదు. ఫీజులు రాలేదని ఆవిడ జీతం ఆపుతారు, వసూలు చెయ్యలేదని ఆవిడనే చీవాట్లేస్తారు. ఆవిడ కొడుకు ఫీజును ఆవిడ జీతంలోంచే కోసుకుంటారు, ఆ జీతం ఇవ్వకుండానే.

ఈ తగువులో చివరికి ఎవరు నష్టపోతారో 2020 జూలైలో రాష్ట్రమంతా చూసింది. కరోనాకు మూతపడ్డ బడులు తెరిచేదాకా ఫీజు అడగొద్దని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ప్రైవేటు బడులు ఆన్‌లైన్ పాఠాలు ఆపేశాయి. ఫీజు అడగొద్దన్న మాటను హైకోర్టు కొట్టేసింది, తర్వాత 25 శాతం తగ్గింపు దగ్గర బేరం కుదిరింది. పెద్దలు బేరమాడుతుంటే పిల్లలు నల్లటి తెర ముందు కూచున్నారు. హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్లు నవ్వక్కర్లేదు. బాకీ ఉందని కాలేజీలు హాల్ టికెట్లు బిగపట్టుకుంటే, వెబ్‌సైట్ నుంచి నేరుగా దించుకోండని ఇంటర్ బోర్డులే చెప్పాల్సిన గతి మనది.

ప్రిన్సిపాల్ బెన్‌కు ఒక మనవి. వచ్చే నెల ఇరవై రెండున ప్రార్థనకు తండ్రుల్నే పిలిపించండి. ఎత్తు ప్రకారం నిలబెట్టి, బాకీ అంకెతో సహా పేర్లు చదవండి. పక్కనే ట్రస్టీగారినీ నిలబెట్టి, టీచర్లకు ఆయన పడ్డ జీతాల బాకీ కూడా చదవండి. తర్వాత అందరినీ వరండాలో కూచోబెట్టండి. అక్కడ గాలి బాగుంటుందని మీరే అన్నారు.