ఓపీ లైను నుంచి సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ

మా ఊరి పెద్దాసుపత్రి సూపరింటెండెంట్ గారికి,

షుగరున్నవాళ్లు రోజూ నడవాలని మీ డాక్టర్లు చెబుతారు. ఇంటి దగ్గర కుదరదేమోనని ఆ నడకను ఆసుపత్రిలోనే ఏర్పాటు చేసిన మీ దయకు ముందుగా కృతజ్ఞతలు. ఓపీ చీటీకి ఒక లైను, డాక్టరు గది ముందు ఇంకోటి, రక్తం ఇవ్వడానికి వెనక బ్లాకులో మరోటి, రిపోర్టు పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి, ఆఖరున మందుల కౌంటరు. డాక్టరమ్మ చూసేది రెండు నిమిషాలు. తక్కినదంతా వ్యాయామమే.

తెల్లారకముందే వచ్చి, కౌంటరు ముందు చెప్పులు వరుసలో పెట్టి, గోడవారన కూలబడే ముసలివాళ్లను మీరు చూసి ఉండరు. మీరొచ్చేసరికి ఆ చెప్పుల్లో కాళ్లుంటాయి. రక్తపరీక్షకు ఏమీ తినకుండా రమ్మన్నారని అలాగే వచ్చినవాళ్లు వాళ్లు. వంతు వచ్చేసరికి పరగడుపు కాస్తా నిరాహార దీక్ష అవుతుంది.

గోడకు క్యూఆర్ కోడ్ అంటించారు, సంతోషం. 2022 అక్టోబరులో కేంద్రం తెచ్చిన 'స్కాన్ అండ్ షేర్' అది. ఆభా అనే ఆరోగ్య ఖాతా యాప్‌తో స్కాన్ చేస్తే వివరాలు కౌంటరుకు చేరి, ఫోనుకు టోకెన్ వస్తుంది. అయితే అది నంబరు చెబుతుంది గానీ టైము చెప్పదు. చీటీ దగ్గర మిగిలిన గంట డాక్టరు గుమ్మం ముందు ఖర్చవుతోంది. ఇక బటన్ ఫోనున్న మామ్మ దేంతో స్కాన్ చెయ్యాలి?

ఈ చిక్కుకు మందు పాతదే. ముందు ఇద్దరిని పిలిచి, ఆపైన ఒక్కో రోగికి సగటున పట్టే నిమిషాల ఎడంతో ఒక్కొక్కరినే రమ్మంటే డాక్టరూ ఖాళీగా కూర్చోరు, రోగులూ పడిగాపులు కాయరని ఇంగ్లండులో నార్మన్ బెయిలీ అనే గణాంకవేత్త 1952లోనే లెక్కగట్టి చెప్పాడు.

మా విన్నపాలు మూడే. టోకెన్ మీద టైము వెయ్యండి. నెలనెలా అవే బీపీ, షుగరు మాత్రలు తీసుకునేవాళ్లకు విడిగా కౌంటరు పెట్టండి. నర్సమ్మ చూసి, తేడా ఉంటేనే డాక్టరు దగ్గరికి పంపుతుంది. పరగడుపున వచ్చినవాళ్ల రక్తం ముందు తీసుకోండి, చీటీల సంగతి తర్వాత.

వీటికి కొత్త భవనం అక్కర్లేదు, టెండర్లూ అక్కర్లేదు. ఒక్క సోమవారం పొద్దున, అటెండరును వెంటబెట్టుకోకుండా వచ్చి మా వెనక నిలబడండి. ఆర్డర్లు మధ్యాహ్నానికల్లా మీరే రాస్తారు.

ఇట్లు,
మీ ఓపీ లైను