ఎన్ని అంగుళాల తల?

హైదరాబాద్‌లోని జవహర్‌లాల్‌ నెహ్రూ ఆర్కిటెక్చర్‌, ఫైన్‌ ఆర్ట్స్‌ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో యానిమేషన్‌కూ బీఎఫ్‌ఏ డిగ్రీ ఉంది. నాలుగేళ్ల చదువు. రంగుల పొందిక, ఖాళీ జాగా విలువ, అక్షరాల మధ్య ఎడం... అన్నీ బుద్ధిగా నేర్చుకుని పిల్లలు బయటికొస్తారు. నాయకుడి ఫ్లెక్సీ కోసం తొలి గిరాకీ వచ్చి పక్కన కూర్చుంటాడు: ‘‘తమ్ముడూ, ఖాళీ ఎందుకొదిలావ్‌? అక్కడ మా బామ్మర్ది ఫొటో పెట్టు. అన్నను ఇంకాస్త తెల్లగా చెయ్యి. వెనకాల సింహం మర్చిపోకు!’’

ఫొటోషాప్‌ 1990లోనే వచ్చింది. చాలా ఏళ్లు అందులో తెలుగు వత్తులు విడిపోయి పక్కన కూర్చునేవి; ఫ్లెక్సీ షాపులు నేటికీ ‘అను’ ఫాంట్లను వదలకపోవడానికి ఆ భయమూ ఒక కారణమే. అయినా ‘శుభాకాంక్షలు’లో వత్తు ఎగిరిపోతే అన్నకేం పట్టదు, తల సైజు తగ్గితేనే గొడవ.

సిలబస్‌లో ఓ పేపరు కలపండి సార్‌: ‘ఏ నాయకుడికి ఎన్ని అంగుళాల తల’. ప్రాక్టికల్స్‌కు ప్రతి కూడలీ ల్యాబే!