తాగినవాడి మాట

మందు మాన్పించే కేంద్రంలో కౌన్సిలర్ ఎదుట కూర్చున్నవాళ్లు తరచుగా అడిగే మాట ఒకటుంది: "మీరెప్పుడైనా తాగారా సార్?" లేదన్నారో, ఇక వాళ్ల చెవులు మూసుకున్నట్టే. ఆ ప్రశ్న అడిగే హక్కు వాళ్లకుందని మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఇంటా బయటా పరువు పోగొట్టుకున్నవాడు, ఆ బాధ ఎరగని మనిషి ముందు అంత తేలిగ్గా నోరు విప్పలేడు. ఈ వాదానికి అండగా చాలామంది చెప్పే కథ అమెరికాలోని ఏక్రన్‌లో జరిగింది.

1935 మే నెల. బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి ఏదో కంపెనీ వ్యవహారం మీద ఏక్రన్ వచ్చాడు. అది బెడిసికొట్టింది. మందు మాని అయిదు నెలలైంది. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒంటరిగా ఉన్నాడు. ఒక పక్క బార్‌లోంచి నవ్వులు, ఇంకో పక్క టెలిఫోను, దాని దగ్గర చర్చీల జాబితా. కాళ్లు బార్ వైపు లాగుతుంటే ఫోనందుకున్నాడు. మాట్లాడటానికి ఇంకో తాగుబోతు దొరక్కపోతే తాను తాగేస్తానని అతనికి తెలుసు. ఫోను మీద ఫోను చేయగా హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ దొరికింది. మర్నాడు సాయంత్రం తన ఇంట్లోనే డాక్టర్ బాబ్ స్మిత్‌ను కలిపింది.

బాబ్ సర్జన్. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ ప్రార్థన సభలకు రెండేళ్లకు పైగా వెళ్తూనే తాగుతున్నాడు. పదిహేను నిమిషాలకు మించి కూర్చోనని ముందే చెప్పి వచ్చాడు. లేచేసరికి రాత్రి పదకొండు దాటింది. తాగుడు గురించి స్వానుభవంతో తెలిసి తనతో మాట్లాడిన మొదటి మనిషి బిల్లేనని తర్వాత రాసుకున్నాడు. మధ్యలో ఒకసారి జారాడు. జూన్ 10న ఆపరేషన్‌కు వెళ్లేముందు, చేతుల వణుకు తగ్గడానికి బిల్ ఇచ్చిన బీరే అతని ఆఖరి మందు. 1950లో చనిపోయేదాకా మళ్లీ ముట్టలేదు. ఆ జూన్ 10నే తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు.

కథ ఇక్కడితో ఆపేస్తారు. దీనికి ముందు న్యూయార్క్‌లోనూ బిల్ ఇదే అనుభవాన్ని వెంటబెట్టుకుని నెలల తరబడి తాగుబోతుల చుట్టూ తిరిగాడు. కొందరిని ఇంటికే తెచ్చుకున్నాడు. తనకు కలిగిన దైవానుభూతిని పూసగుచ్చినట్టు చెప్పాడు. ఒక్కరూ మానలేదు. ఏక్రన్ బయల్దేరే ముందు, తనకు వైద్యం చేసిన డాక్టర్ సిల్క్‌వర్త్‌తో ఆ గోడు వెళ్లబోసుకున్నాడు. ఆయన మందలించాడు. ప్రవచనాలు కట్టిపెట్టమన్నాడు. ఇది ఒంటినీ మనసునూ పట్టే జబ్బనీ, తాగుతూ పోతే పిచ్చో చావో తప్పదనీ ముందు గట్టిగా చెప్పమన్నాడు. దేవుడి సంగతి తర్వాత చూసుకోవచ్చన్నాడు. ఆ రాత్రి బాబ్ ఎదుట బిల్ విప్పిన మూట అదే.

సిల్క్‌వర్త్‌కు తాగుడు వ్యసనం లేదు.