దీవులు తిరిగే దంపతులు

వీపున చెరో సంచీ తగిలించుకుని, ఆరు నెలలకు తగ్గకుండా, వేడి సముద్రాల్లో ఒక దీవి నుంచి ఇంకో దీవికి మారుతూ కాలం గడిపే పెళ్లయిన జంటలను ద్వీపసంచార దంపతులు అనవచ్చు. వారం రోజుల హనీమూన్ జంటలు ఈ కోవలోకి రావు. జెండా పట్టుకున్న గైడు వెనకాల వరసగా నడిచే ప్యాకేజీ యాత్రికులూ రారు. ఈ దంపతులు తయారయ్యేది హైదరాబాదులోని మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో. వేళ్లు మాత్రం వనపర్తి జిల్లా ఆత్మకూరు లాంటి ఊళ్లలో ఉంటాయి. వేళ్లంటే తల్లిదండ్రులు.

జంటగా మూట కట్టుకుని, ఏడాదిలో ఎక్కువ నెలలు ఊరికి దూరంగా బతకడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పాలమూరు కూలీలను గుంపు మేస్త్రీలు ఆలుమగల జతలుగానే మాట్లాడుకునేవారు. నాగార్జునసాగర్ మొదలుకుని దేశంలోని ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసింది ఆ జతలే. బొంబాయి బస్సెక్కిన జతలకైతే లెక్కే లేదు. కవులూ తిరిగారు. అమరచింత సంస్థానానికి ఒకప్పుడు ఆత్మకూరు రాజధాని. తిరుపతి వెంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు తిరిగి అవధానాలు చేసి సన్మానాలు పొందారు. కూలి జతకు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చేవాడు, కవుల జంటకు రాజు చివర్లో శాలువా కప్పేవాడు. దీవుల జంటకు ముందు ఇచ్చేవారూ లేరు, వెనక కప్పేవారూ లేరు. అన్నీ సొంత ఖర్చే.

యాత్రకు బీజం సాధారణంగా అప్రైజల్ నెలలో పడుతుంది. పదోన్నతి తనకు రాకుండా పక్క సీటు వాడికి వచ్చిన రాత్రి భర్త ఒక ఎక్సెల్ షీటు తెరుస్తాడు. అందులో దీవికో వరుస, ఖర్చుకో నిలువు గడి. భార్య దాన్ని చూసి, మూడో గడిలో కూడిక తప్పిందని చెబుతుంది. సరిచేసిన షీటే ఉమ్మడి నిర్ణయం. ఉద్యోగం మానేయాలా, ఏడాది సెలవు అడగాలా, ఫ్లాటు ఈఎంఐ ఎవరు కట్టాలి అనే చర్చలు నెలల తరబడి సాగుతాయి. అద్దెకిస్తే ఈఎంఐలో సగం వస్తుందని తేలినప్పుడు ఇద్దరికీ స్వేచ్ఛ దొరికినట్టే ఉంటుంది. మిగతా సగం గురించి షీటులో గడి లేదు.

ఆత్మకూరులో ఈ కబురు చెప్పడం యాత్రలోకెల్లా కష్టమైన మజిలీ. తల్లి మొదట ఉద్యోగం పోయిందేమో అనుకుంటుంది. అత్తగారికి అల్లుడు అప్పుల్లో పడ్డాడేమో అని అనుమానం. తండ్రి మాత్రం చాలాసేపు ఏమీ అనకుండా కూర్చుని, చివరికి ఒకే మాట అడుగుతాడు: "రిటర్న్ టికెట్ తీసినవా?" తీయలేదు. తేదీ తెలియని ప్రయాణమే ఈ యాత్ర గొప్పదనమని కొడుకు వివరిస్తాడు, తండ్రికి ఎక్కదు. తర్వాత బాలి విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి అదే ప్రశ్న ఇంగ్లీషులో అడుగుతాడు. ముందుకో వెనక్కో టికెట్ చూపించందే చాలా దేశాల్లో లోపలికి రానివ్వరు. తండ్రికి జవాబు చెప్పని కొడుకు అధికారికి మాత్రం వణుకుతూ ఫోన్ తీసి చూపిస్తాడు.

ఊరికి చెప్పే కథ తండ్రి సొంతంగా తయారుచేసుకుంటాడు. బస్టాండు దగ్గర టీ తాగుతూ ఎవరైనా అడిగితే, "కంపెనీ పంపింది" అంటాడు. కొంతకాలం ఇది బాగానే నడుస్తుంది. తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో అబ్బాయి నిక్కరు మీద కొబ్బరిబోండం తాగుతూ కనిపిస్తాడు. ఏ కంపెనీ, ఏం పని అని ఊరు ఆరా తీస్తుంది. తండ్రి తొణకడు, కొబ్బరి వ్యాపారంలో సాఫ్ట్‌వేర్ బాగా పెరిగిందంటాడు.

సామాను సర్దడం శాస్త్రం ప్రకారం జరుగుతుంది. చౌక విమానాల్లో చేతిసంచీకి 7 కిలోలు మించనివ్వకపోవడం మామూలు. కాబట్టి చెప్పులు ఎన్ని గ్రాములు, తువ్వాలు ఎన్ని గ్రాములు అని తూకం వేసి, టూత్‌బ్రష్ పిడి కోసేయాలా అని కూడా ఆలోచిస్తారు. ఇంత లెక్క చూసుకుని, సెలవు చెప్పి రావడానికి ఆత్మకూరు వెళ్తారు. అక్కడ మామిడి తొక్కు, ఎల్లిపాయ కారం, పల్లీల పొడి, చింతపండు, ఒక డబ్బా గరిజెలు, ఇంకో డబ్బా సకినాలు వరసగా పెట్టి ఉంటాయి. మన విమానాశ్రయాల్లో కారం తొక్కును చేతిసంచీలో తీసుకెళ్లనివ్వరు. ఈ సంగతి తల్లికి చెబితే, "తొక్కుల ఏం బాంబుంటదిరా?" అని ఆమె అడుగుతుంది. ఆ ప్రశ్నకు విమానయాన భద్రతా శాఖ దగ్గర కూడా ఆమెకు నచ్చే జవాబు లేదు. చివరికి తొక్కు కోసమే ప్రత్యేకంగా చెక్-ఇన్ సామాను కొంటారు. తేలిగ్గా బతకాలని బయలుదేరిన జంట సామానులో అన్నిటికన్నా బరువైంది ఆ డబ్బాయే. అదే సామానులోకి చేరిన చిన్న రైస్ కుక్కర్ సంగతి భర్తకు శంషాబాద్ దాటాక గాని తెలియదు.

దారి నిర్ణయించేది వర్షం. ఈ ఒక్క విషయంలో కొడుక్కి తండ్రి పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తండ్రి మృగశిర, ఆరుద్ర కార్తెలు చూసి విత్తనం వేస్తాడు. కొడుకు ఋతుపవనాలు చూసి టికెట్ తీస్తాడు. థాయిలాండ్‌లోనే రెండు లెక్కలున్నాయి. ఫుకెట్, క్రాబీ వైపు మే నుంచి అక్టోబరు దాకా వానలు. రెండో వైపున్న కో సముయికి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. బాలికి నవంబరు నుంచి మార్చి దాకా వానాకాలం. ఫిలిప్పీన్స్‌లో జూన్ దాటితే తుఫాన్ల భయం. ఇవన్నీ కుదిరాక వీసా లెక్క మొదలవుతుంది. 2023 నవంబరు నుంచి భారతీయులకు వీసా అక్కర్లేదని థాయిలాండ్ ప్రకటించాక ఈ దంపతుల సంఖ్య కంటికి కనిపించేలా పెరిగింది. ఇండోనేషియాలో దిగగానే ఇచ్చే వీసాకు 5,00,000 రుపయా; 30 రోజులు, ఇంకో 30 రోజులు పొడిగింపు. ఐదు లక్షలు అన్న మాట వినగానే భార్యకు గుండె ఆగినంత పనవుతుంది. మన డబ్బుల్లో మూడు వేలకు కొంచెం తక్కువేనని తెలిశాక కూడా ఆ రాత్రి నిద్ర పట్టదు.

మొదటి మజిలీ చాలామందికి అండమానే. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. హావ్‌లాక్ 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది. పేరు ఏదైనా అక్కడ తెలుగు బాగా వినిపిస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడినవారు చాలామంది ఉన్నారు. పరాయి చోట అజ్ఞాతంగా తిరుగుదామనుకున్న జంటను హోటలాయన మొదటి పూటే పట్టేస్తాడు.

"ఏ ఊరు బాబూ?"

"ఆత్మకూరు."

"నెల్లూరు ఆత్మకూరా, కర్నూలు ఆత్మకూరా?"

"కాదండీ, వనపర్తి జిల్లా."

"అదెక్కడ?"

"జూరాల దగ్గర. పాలమూరు."

2016 అక్టోబరులో ఏర్పడిన జిల్లా ఇంకా సముద్రం దాటలేదు. పాలమూరు ఎప్పుడో దాటింది. అండమాన్‌లో డిసెంబరులో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు, గడియారం మాత్రం ఆత్మకూరుదే. వీడియో కాల్‌లో చీకటి చూసి తల్లి కంగారుపడుతుంది. పూజకు మంచి శంఖం ఒకటి తెమ్మంటుంది. ఒడ్డున దొరికిన శంఖాన్ని, పగడాన్ని దీవి దాటించడం నిషేధం కాబట్టి, దుకాణంలో రసీదుతో సహా కొని పంపుతారు. రసీదుతో వచ్చిన శంఖం మోగదని ఆమె నమ్మకం.

తిండి విషయంలో ఈ దంపతులు బయలుదేరేటప్పుడు విశాల హృదయులు. ఎక్కడికి పోతే అక్కడి తిండే తినాలని ప్రతిజ్ఞ చేస్తారు. మొదటి వారం నాసి గోరెంగ్‌ను పొగుడుతారు. రెండో వారం అది కోడిగుడ్డు వేసిన అన్నమేనని గుర్తిస్తారు. మూడో వారం గదిలో కుక్కర్ విజిల్ లేకుండా ఉడుకుతుంది, తలుపు కింద తువ్వాలు అడ్డం పెడతారు, ఎల్లిపాయ కారం వాసన అయినా వరండాలోకి పోతుంది. పక్క గదిలో ఉన్న జర్మన్ జంట తుమ్ముతుంది. చేపల సంగతి వేరు. బాలిలోని జింబరాన్ ఒడ్డున ఇసుకలో బల్లలు వేసి, కళ్లముందే బొగ్గుల మీద కాల్చి వడ్డిస్తారు. భర్త మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, తల ఊపి, జూరాల డ్యాం దగ్గర వేయించే చేపకు ఇది సాటిరాదని తీర్పు చెబుతాడు. ఫుకెట్‌లో ఇదే తీర్పు, మాల్దీవుల్లోనూ ఇదే. భార్యకు ఆ వాక్యం ఎప్పుడు వస్తుందో తెలుసు కాబట్టి ముందే రెండు ముక్కలు తన ప్లేటులోకి వేసుకుంటుంది.

హైదరాబాదులో వీళ్లిద్దరూ కలిసి మెలకువగా గడిపేది రోజుకు రెండు గంటలు. అందులో గంట, రాత్రికి ఏం ఆర్డర్ చేద్దామన్న చర్చకే పోతుంది. దీవిలో 24 గంటలూ ఒకే గది, ఒకే ఫ్యాను, ఒకే చార్జింగ్ ప్లగ్గు. మనస్పర్థలు ఎక్కువగా దారి దగ్గర వస్తాయి. ఆయన ఫోన్‌లో మ్యాపు చూస్తాడు, ఆమె ఎదురొచ్చిన మనిషిని అడుగుతుంది. ఆమె చెప్పిన దారే సరైనదని తేలిన రోజున గొడవ మరింత పెద్దది. అలిగి పుట్టింటికి పోదామన్నా మరునాడు పొద్దున దాకా ఫెర్రీ లేదు. ఇండోనేషియాలోని గిలి దీవుల్లాంటి చోట మరీ కష్టం. అక్కడ మోటారు బండ్లు లేవు, ఉన్నవి సైకిళ్లు, గుర్రబ్బండ్లు. దీవి చుట్టూ నడిస్తే రెండు గంటల్లోపే బయలుదేరిన చోటికే వస్తారు, అక్కడ ఆయనే కూర్చుని ఉంటాడు. చిన్న దీవుల్లో కాపురాలు నిలబడటానికి ఇంతకు మించిన కారణం వెతకనక్కర్లేదు.

మామూలుగా ఆమె భర్తను పేరుపెట్టో, అరేయ్ అనో పిలుస్తుంది. ఫోన్‌లో అత్తగారి ముఖం కనిపించగానే అది "మీ కొడుకు" అయిపోతుంది. ఈ ఫోన్లకు ఒక పద్ధతి ఉంది. బాలి సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఆత్మకూరులో భోజనాలయ్యాక ఫోన్ వస్తుంది, అక్కడ అర్ధరాత్రి కావస్తుంటుంది.

"ఇక్కడ ఇంక తొమ్మిది గూడ గాలే, అప్పుడే నిద్రేంది? ఏం తిన్నర్రా?"

"నూడుల్స్ అమ్మా."

"అన్నం?"

"తిన్నం."

"పెరుగు?"

ఇక్కడ నెట్‌వర్క్ పోతుంది. పెరుగు దొరకని దీవుల్లో నెట్‌వర్క్ ఎప్పుడూ ఈ ప్రశ్న దగ్గరే పోవడం తల్లి గమనించకపోలేదు.

డబ్బు తగ్గే కొద్దీ కళాపోషణ వైపు చూపు మళ్లుతుంది. సంస్థానాలు పోయాయి గాని గెస్ట్‌హౌసులున్నాయి. రెండు రాత్రులు ఉచితంగా ఉండనిస్తే మీ హోటల్ మీద రీల్ చేస్తామని యజమానులకు మెసేజీలు పెడతారు. దీన్ని కొలాబ్ అంటారు. అవధానికి పృచ్ఛకుల పరీక్ష ఉండేది. ఇక్కడ ఫాలోవర్ల సంఖ్య ఒక్కటే పరీక్ష, అందులో సగం మంది బంధువులు. రీల్‌లో తీరం ఎప్పుడూ నిర్మానుష్యంగా ఉండాలి. దాని కోసం తెల్లవారకముందే లేస్తారు, అప్పటికే అక్కడ నిర్మానుష్యమైన తీరం కోసం వచ్చిన ఇరవై జంటలు వరసలో నిలబడి ఉంటాయి. 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో కనిపించినందుకు థాయిలాండ్‌లోని మాయా బేకు జనం విరగబడ్డారు. పగడాలు కోలుకోవాలని 2018లో దాన్ని మూసి, 2022లో తెరిచారు. ఫిలిప్పీన్స్‌లోని బొరాకాయ్ దీవిని అదే 2018లో ఆరు నెలలు మూసి శుభ్రం చేశారు. దీవులకూ ఏడాది సెలవు కావాలనిపించడం సబబే.

ఇంటి దగ్గరి దీవులు వీళ్ల షీటులో ఉండవు. ఆత్మకూరు నుంచి జూరాల దాటితే గద్వాల. ఆ మండలంలోనే కృష్ణ పాయల నడుమ గుర్రంగడ్డ ఉంది, మనుషులు కాపురముండే దీవి. నదికి నీళ్లొస్తే ఊరు దాటడానికి పుట్టో పడవో దిక్కు. మక్తల్ వైపు పంచదేవ్‌పహాడ్ నుంచి పుట్టి ఎక్కి కురువాపురం దీవికి వెళ్లి శ్రీపాద శ్రీవల్లభుణ్ని దర్శించుకునే ముసలి దంపతులు ఏటా ఉంటారు. వాళ్ల సంచీలో పులిహోర, ఒక చెంబు, మడత పెట్టిన పంచె. వాళ్లు రీల్ తీయరు, పుట్టి ఊగినప్పుడు కళ్లు మూసుకుంటారు. కొల్లాపూర్ దగ్గరి సోమశిలను మినీ మాల్దీవులు అంటూ వీడియోలు తిరుగుతుంటాయి. అసలు మాల్దీవులు చూసొచ్చిన భర్త ఆ మాటకు నవ్వుతాడు. అక్కడికి ఎప్పుడు వెళ్లావని అడిగితే, వెళ్లలేదంటాడు.

సాధారణంగా ఏడాదిలోపు షీటులో చివరి గడి ఎర్రబడుతుంది. అప్పుడు తిరుగు ప్రయాణం. ఊళ్లో తండ్రి "కంపెనీ వెనక్కి పిలిచింది" అంటాడు. తల్లి ముందు ఇద్దరినీ తూకం వేసినట్టు చూసి, చిక్కిపోయారని తేల్చి, ఆ తర్వాత మనవడి ప్రస్తావన తెస్తుంది. మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలి. రెజ్యూమెలో ఖాళీగా ఉన్న నెలలకు ఎదురుగా సబాటికల్ అని రాస్తారు, కింద నాయకత్వ లక్షణాలు, బడ్జెట్ నిర్వహణ, సంక్షోభ సమయాల్లో సమన్వయం అని చేరుస్తారు. రైస్ కుక్కర్ గురించి రాయరు. ఇంటర్వ్యూలో నలభై నిమిషాలు జావా మీద ప్రశ్నలుంటాయి. జావా దీవి మీద కాదు. చివరి పది నిమిషాలు, ప్యానెల్‌లో కూర్చున్న కుర్రాడు కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, "అన్నా, మొత్తం ఎంతయింది?" అని గొంతు తగ్గించి అడుగుతాడు. ఎక్సెల్ షీటు ఆ సాయంత్రమే వాట్సాప్‌లో అతనికి చేరుతుంది. మూడో గడిలో కూడిక సరిగానే ఉంటుంది. ఈఎంఐకి గడి ఇప్పటికీ లేదు.